సరిపోయిన జమాఖర్చు: అమెరికాలో జపాన్ సంతతివారి నిర్బంధాన్ని కాగితాల్లో వెతకడం

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడి తుఫానుగా మారిన ప్రతిసారీ మన పత్రికల్లో ఒకే వాక్యం అచ్చవుతుంది: లోతట్టు ప్రాంతాల ప్రజలను పునరావాస కేంద్రాలకు తరలించారు. ఆ మాటల మీద ఎవరికీ అనుమానం రాదు. గాలివాన తగ్గాక ఇంటికి వెళ్లిపోవచ్చునని తరలించినవారికీ తెలుసు, తరలినవారికీ తెలుసు. 1942లో అమెరికా ప్రభుత్వం తన పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి ప్రజల చేత ఇళ్లు ఖాళీ చేయించి, వారిని ఎడారుల్లోకీ చిత్తడి నేలల్లోకీ పంపినప్పుడు వాడిన అధికారిక పదజాలాన్ని తెలుగులోకి తెస్తే దాదాపు ఇదే వాక్యం తయారవుతుంది. అక్కడి దస్త్రాల్లో కనిపించేవి తరలింపు, సమీకరణ కేంద్రం, పునరావాస కేంద్రం అన్న మాటలే. ఆ కేంద్రాల చుట్టూ ముళ్లకంచె ఉండేదనీ, కావలి బురుజుల మీద సైనికులు తుపాకులు పట్టుకొని లోపలివైపు చూస్తూ నిలబడేవారనీ ఆ మాటలను బట్టి ఎవరూ ఊహించలేరు.

ఈ ఘట్టాన్ని పరిశోధించేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. చరిత్రలో చాలా అన్యాయాలకు కాగితం మిగలదు. దీనికి మాత్రం కాగితం గుట్టలుగా ఉంది. మనిషికొక ఫారం, కుటుంబానికొక నంబరు, శిబిరానికొక జాబితా, వేల ఫొటోలు, పత్రికలు, ఉత్తరాలు, విచారణ నివేదికలు అన్నీ భద్రంగా ఉన్నాయి. అయితే వాటిలో అత్యధిక భాగం బంధించినవారి చేతుల్లో తయారైనవి, వారి అవసరాల కోసం, వారి మాటల్లో రాసుకున్నవి. అందువల్ల ఏ కాగితం తీసినా అందులో ఏముందో చూడడంతో పని పూర్తికాదు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరికి చూపించడానికి రాశారో తేలేదాకా అది సగం సాక్ష్యమే.

ముందుగా జరిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకోవాలి. 1941 డిసెంబరు 7న జపాన్ పర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 9066 నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఆ ఉత్తర్వు పాఠంలో జపనీయులు అన్న మాటే లేదు. సైన్యాధికారులు నిర్ణయించిన ప్రాంతాల నుంచి ఎవరినైనా, అందరినైనా బయటికి పంపే అధికారం ఇస్తున్నామని మాత్రమే ఉంది. ఎవరిని పంపాలన్నది పశ్చిమ తీర సైనిక కమాండర్ జనరల్ జాన్ డివిట్ తేల్చారు. మార్చి 24న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవికి మొదటి బహిష్కరణ ఉత్తర్వు వెలువడింది. ఆరు రోజుల తరువాత అక్కడి కుటుంబాలు చేతిలో పట్టినంత సామానుతో, కోట్లకు కట్టిన నంబరు చీటీలతో పడవ ఎక్కాయి. అటువంటి ఉత్తర్వులు మొత్తం 108. వాటిని విద్యుత్ స్తంభాలకూ దుకాణాల గోడలకూ అంటించారు. జపాన్ సంతతికి చెందిన ఏలియన్లు, నాన్ ఏలియన్లు అందరూ వెళ్లాలని వాటిలో ఉంటుంది. ఏలియన్ అంటే విదేశీయుడు. మరి నాన్ ఏలియన్ అంటే? అమెరికా పౌరుడు. తన పౌరుణ్ని పౌరుడని పిలవడానికి నోరు రాక ప్రభుత్వం కనిపెట్టిన మాట అది. పంపబడినవారిలో మూడింట రెండు వంతులు ఆ మాట కింద దాక్కున్న పౌరులే.

వారిని మొదట గుర్రప్పందేల మైదానాల్లో, సంతలు జరిగే ఆవరణల్లో ఉంచారు. సమీకరణ కేంద్రాలన్నది వీటినే. కాలిఫోర్నియాలోని శాంటా అనీటా పందెం మైదానంలో కుటుంబాలకు కేటాయించిన గదులు కొంతకాలం ముందువరకు గుర్రపుశాలలు. అక్కడి నుంచి పది శాశ్వత శిబిరాలకు మార్చారు. మాంజనార్, ట్యూల్ లేక్ కాలిఫోర్నియాలో, పోస్టన్, గీలా రివర్ అరిజోనాలో, టోపాజ్ యూటాలో, మినిడోకా ఐడహోలో, హార్ట్ మౌంటెన్ వయోమింగ్‌లో, అమాచీ కొలరాడోలో, జెరోమ్, రోవర్ ఆర్కాన్సాలో ఉన్నాయి. వీటిని నడపడానికి యుద్ధకాల పునరావాస సంస్థ అనే పౌర సంస్థను ప్రత్యేకంగా స్థాపించారు. చివరిగా మూతపడినది ట్యూల్ లేక్, 1946 మార్చిలో.

ఆ సంస్థ తన పని ముగించి వెళ్లేటప్పుడు ఒక లెక్క అప్పగించింది. ఈ విషయం మీద చదివినదాంట్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపినది ఆ పట్టికే. దానికి పాత దుకాణాల జమాఖర్చు పుస్తకంలాగే రెండు వైపులున్నాయి. జమ వైపు: సమీకరణ కేంద్రాల నుంచి వచ్చినవారు 90,491, ఇళ్ల నుంచి నేరుగా తెచ్చినవారు 17,915, శిబిరాల్లోనే పుట్టినవారు 5,981, న్యాయశాఖ అధీనంలోని వలస విభాగం నుంచి బదిలీ అయినవారు 1,735, పొలం పనుల నుంచి వచ్చిన కూలీలు 1,579, ఆసుపత్రులూ ఇతర సంస్థల నుంచి 1,275, హవాయి నుంచి 1,118, తమంతట తాము వచ్చినవారు 219. ఖర్చు వైపు: పశ్చిమ తీరానికి తిరిగి వెళ్లినవారు 54,127, దేశంలో మరోచోట స్థిరపడినవారు 52,798, జపాన్‌కు పంపబడినవారు 4,724, న్యాయశాఖ శిబిరాలకు వెళ్లినవారు 3,121, సైన్యంలో చేరినవారు 2,355, మరణించినవారు 1,862, ఆసుపత్రులూ ఇతర సంస్థలకు 1,322, అనుమతి లేకుండా వెళ్లినవారు 4. కూడి చూడండి. రెండు వైపులా 1,20,313. ఒక్క మనిషి తేడా రాదు.

ఇంత నిక్కచ్చిగా కుదిరిన లెక్కను చూడగానే పరిశోధకుడికి నమ్మకం కలగడం సహజం. లక్షా ఇరవై వేల మంది అన్న ప్రసిద్ధమైన సంఖ్య ఇక్కడి నుంచే వచ్చింది. అయితే ఆ లెక్క కుదిరింది ఒకే ఒక్క సంస్థ గడప దాటి లోపలికి వచ్చినవారికీ, ఆ గడప దాటి బయటికి వెళ్లినవారికీ మాత్రమే. ఆ గడప తొక్కకుండానే నిర్బంధంలో గడిపినవారు వేరే ఉన్నారు. పట్టికలోనే దానికి ఆనవాలుంది: న్యాయశాఖ నుంచి వచ్చినవారు, న్యాయశాఖకు వెళ్లినవారు అన్న రెండు పద్దులు. అంటే పక్కనే మరో దుకాణం నడుస్తోంది, దాని పుస్తకాలు వేరు.

ఇక్కడ నిర్బంధంలోని రెండు దారులను విడదీసి చూడాలి, ఎందుకంటే వీటిని కలిపేయడం వల్లనే చాలామంది తమ తాతముత్తాతల దస్త్రాలను లేనిచోట వెతుకుతారు. మొదటిది చట్టం మాటల్లో అసలైన ఇంటర్న్‌మెంట్. 1798 నాటి శత్రుదేశీయుల చట్టం ప్రకారం, యుద్ధం ప్రకటించిన దేశపు పౌరులను పట్టి ఉంచే అధికారం అమెరికా అధ్యక్షుడికి ఉంది. పర్ల్ హార్బర్ దాడి జరిగిన రోజు నుంచే ఎఫ్‌బీఐ ముందే తయారుచేసి పెట్టుకున్న జాబితాలతో బౌద్ధ పురోహితులను, జపనీస్ భాషా పాఠశాలల గురువులను, సంఘ నాయకులను, జాలరులను ఇళ్ల నుంచి పట్టుకుపోయింది. వారు న్యాయశాఖ నడిపే ఫోర్ట్ మిసూలా, శాంటా ఫే, క్రిస్టల్ సిటీ వంటి శిబిరాల్లోనో, సైన్యం నడిపే లార్డ్స్‌బర్గ్ వంటి శిబిరాల్లోనో గడిపారు. రెండో దారి 9066 ఉత్తర్వు కింద జరిగిన మూకుమ్మడి నిర్బంధం. పౌరులు, పసిపిల్లలు, ముసలివారు అన్న భేదం లేకుండా అందరూ వెళ్లింది ఈ దారిలోనే.

ఈ తేడా మాటల పట్టింపు కాదు. శత్రుదేశీయుడిగా పట్టుబడినవాడికి, న్యాయవాది సాయం లేకపోయినా, ఒక విచారణ బోర్డు ముందు నిలబడే అవకాశం ఉండేది. అతడి శిబిరాన్ని జపాన్ తరఫున తటస్థ దేశమైన స్పెయిన్ ప్రతినిధులు వచ్చి చూసి నివేదికలు రాసేవారు. పౌరుడికి విచారణే లేదు. తన దేశమే తనను బంధించినప్పుడు అతడి తరఫున అడగడానికి ఏ రాయబారి వస్తాడు? అందుకే మొదటి దారిలో వెళ్లిన తండ్రి గురించి ప్రశ్నలు, జవాబులు, తీర్పుతో సహా మందపాటి దస్త్రం దొరకవచ్చు; పౌరుడైన కొడుకును ఏ నేరానికి బంధించారని వెతికితే ఆ గడి ఖాళీగానే ఉంటుంది. నేరం మోపలేదు కాబట్టి నేరపత్రం లేదు. ఇంటర్న్‌మెంట్ అన్న మాట మొదటి దారికే సరిపోతుందనీ, పౌరుల విషయంలో ఇన్‌కార్సరేషన్, అంటే కారాగార నిర్బంధం అనాలనీ నేటి పరిశోధకులు పట్టుబట్టేది ఇందుకే. తెలుగులో ఈ రెండింటికీ నిర్బంధమనే అంటాం కనుక ఆ తగాదా మనకు వినిపించదు, కానీ కాగితాలు వెతికేవారు దాన్ని మరచిపోతే దారి తప్పుతారు.

అసలు ఆ తండ్రులు దశాబ్దాల తరబడి అమెరికాలో ఉండి కూడా విదేశీయులుగానే ఎందుకు మిగిలారన్న ప్రశ్నకు జవాబు భారతీయులకు పరాయిది కాదు. తెల్లవారు, ఆఫ్రికన్ సంతతివారు తప్ప ఇతరులు పౌరసత్వం పొందే వీలులేని చట్టం అప్పుడుండేది. 1922లో టకావో ఒజావా కేసులో జపనీయులకు ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే భగత్ సింగ్ తింద్ కేసులో భారతీయులకూ లేదని చెప్పింది. మనవారికి ఆ తలుపు 1946లో తెరుచుకుంది, జపాన్‌లో పుట్టినవారికి 1952 దాకా ఆగింది. కాబట్టి నిర్బంధ దస్త్రాల్లో ఒక వృద్ధుడి పేరు ఎదుట ఏలియన్ అని ఉంటే అది అతడు ఎంచుకున్న హోదా అని అర్థం చేసుకోకూడదు.

కుటుంబ చరిత్ర వెతికేవారికి ఎక్కువగా ఉపయోగపడేది పునరావాస సంస్థ 1942లో నింపించిన 26వ నంబరు ఫారం. అందులో పుట్టిన ఊరు, తండ్రి వృత్తి, చదువు, జపాన్‌లో గడిపిన సంవత్సరాలు, ఏ భాషలు వచ్చు, మతం, చేసిన ఉద్యోగాలు, బహిష్కరణకు ముందున్న చిరునామా వంటివన్నీ అడిగారు. జవాబులను సంకేతాలుగా మార్చి పంచ్ కార్డుల మీదికి ఎక్కించారు. అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఇప్పుడవి సుమారు 1,09,000 మంది వివరాలతో కంప్యూటర్‌లో వెతకడానికి వీలుగా ఉన్నాయి. దీనితో పాటు ప్రతి శిబిరమూ మూసివేత సమయానికి సిద్ధం చేసిన తుది జాబితా ఉంది. ఎవరు ఏ తేదీన ఎలా వచ్చారు, ఏ తేదీన ఎక్కడికి వెళ్లారు అన్నది అందులో తెలుస్తుంది. ఒకటి లోపలికి వచ్చిననాటి మనిషిని చూపిస్తే రెండోది బయటికి వెళ్లిననాటి మనిషిని చూపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. సియాటిల్‌లో 1996లో మొదలైన డెన్షో అనే సంస్థ ఇటువంటి జాబితాలను, వందలాది మౌఖిక సాక్ష్యాలను ఉచితంగా అందుబాటులో ఉంచింది.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఇంటిపేరు ముందుండే మన పేర్లు అమెరికా ఫారాల్లో పడే అవస్థ తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. జపనీయులకూ ఇంటిపేరే ముందు. దాన్ని వెనక్కి తిప్పి, జపనీస్ లిపిలోని పేరును విన్నట్టుగా ఇంగ్లిషు అక్షరాల్లోకి దింపి, ఆపైన టైపిస్టు చేతిలో మరో అక్షరం మారితే, ఒకే మనిషి రెండు జాబితాల్లో ఇద్దరవుతాడు. కుటుంబ నంబరు ఇక్కడ ఆదుకుంటుంది. మనిషి గౌరవాన్ని తగ్గించడానికి కోటుకు కట్టిన ఆ నంబరే ఎనభై ఏళ్ల తరువాత అతణ్ని గుర్తుపట్టడానికి నమ్మదగిన ఆధారం అయింది.

ఇంతవరకు చెప్పినవి ఎవరు ఎక్కడున్నారో చెప్పే కాగితాలు. ఎందుకు ఉంచారో చెప్పే కాగితాల కథ వేరు, అందులో ఒకటి దగ్గరగా చూడదగినది. తన చర్యను సమర్థించుకుంటూ జనరల్ డివిట్ 1943 ఏప్రిల్‌లో ఒక తుది నివేదిక ఇచ్చారు. జపాన్ సంతతివారిలో ఎవరు విశ్వాసపాత్రులో, ఎవరు కారో తేల్చడం అసాధ్యమనీ, దానికి సమయం చాలకపోవడం కారణం కాదనీ ఆ నివేదిక చెప్పింది. యుద్ధశాఖలో కలవరం మొదలైంది. కర్ఫ్యూనూ బహిష్కరణ ఉత్తర్వునూ ధిక్కరించి శిక్ష పడిన గోర్డన్ హిరాబయాషి కేసు అప్పటికి సుప్రీంకోర్టులో ఉంది. ఒక్కొక్కరినీ విచారించే వ్యవధి లేనంత అత్యవసరం వల్ల సైన్యం ఇలా చేయవలసి వచ్చిందన్న వాదనకు ఈ వాక్యం అడ్డు. సమయం లేకపోవడం సైనిక అవసరం అవుతుంది. సమయం ఎంత ఉన్నా ఈ జాతివారిని నమ్మలేమనడం జాతి ద్వేషం అవుతుంది. కాబట్టి నివేదికను సరిదిద్దించారు. వ్యవధి చాలలేదన్న కారణం కొత్త పాఠంలోకి వచ్చింది, పాత ప్రతులను వెనక్కి రప్పించి కాల్చేశారు, కాల్చినట్టు ఒక సైనికోద్యోగి చేత ధ్రువీకరణ కూడా రాయించారు. 1944లో ప్రజలకు చేరింది సవరించిన పాఠమే.

మొదట అచ్చయినవి పది ప్రతులు. వాటిలో ఒకటి కాలకుండా మిగిలింది. 1982లో జాతీయ ఆర్కైవ్స్‌లో పత్రాలు వెతుకుతున్న ఐకో హెర్జిగ్ యోషినాగా కంట అది ఒక ఆర్కైవ్స్ ఉద్యోగి బల్ల మీద పడింది. ఆమె చరిత్ర అధ్యాపకురాలు కాదు. పదిహేడేళ్ల వయసులో, బడి చదువు పూర్తికాకముందే మాంజనార్ శిబిరానికి వెళ్లి, తరువాత జెరోమ్, రోవర్ శిబిరాల్లోనూ ఉన్న మనిషి. నడివయసు దాటాక తన కుటుంబ దస్త్రాల కోసం ఆర్కైవ్స్ మెట్లెక్కి, అక్కడి నుంచి వేల పత్రాలను చదివి, వర్గీకరించి, ఈ విషయం మీద కాంగ్రెస్ 1980లో నియమించిన విచారణ సంఘానికి పరిశోధకురాలైంది. చేతిరాతతో సవరణలు గుర్తించి ఉన్న ఆ ప్రతిని చూడగానే తాను చదివిన అచ్చు నివేదికతో దానికి పొంతన లేదని ఆమె గ్రహించగలిగింది. రెండో పాఠం ఆమెకు అంత క్షుణ్ణంగా తెలియకపోయి ఉంటే ఆ పుస్తకం మరో నకలుగా అలమారలోకి వెళ్లిపోయేది. అదృష్టమని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు.

అదే కాలంలో న్యాయచరిత్రకారుడు పీటర్ ఐరన్స్ న్యాయశాఖ సొంత దస్త్రాల్లో మరికొన్ని పత్రాలు బయటికి తీశారు. విశ్వాసాన్ని వ్యక్తులవారీగా తేల్చవచ్చునని నౌకాదళ గూఢచార అధికారి కెనెత్ రింగిల్ చెప్పారనీ, ఆ సంగతి సుప్రీంకోర్టుకు చెప్పకపోవడం సాక్ష్యాన్ని తొక్కిపెట్టడమే కావచ్చుననీ న్యాయశాఖ అధికారి ఎడ్వర్డ్ ఎన్నిస్ 1943లోనే తన పైవారిని హెచ్చరించారు. తీరం నుంచి శత్రునౌకలకు రేడియో సంకేతాలు వెళుతున్నాయన్న డివిట్ ఆరోపణను ఎఫ్‌బీఐ, కేంద్ర సమాచార ప్రసార కమిషన్ రెండూ తోసిపుచ్చాయి. బహిష్కరణ ఉత్తర్వును పాటించనందుకు శిక్ష పడిన ఫ్రెడ్ కొరెమాత్సు కేసులో 1944లో ఈ విభేదాన్ని తెలిపే అధోజ్ఞాపికను (ఫుట్‌నోట్‌ను) ఒక న్యాయవాది వాదనపత్రంలో చేర్చితే, యుద్ధశాఖ అభ్యంతరంతో దాన్ని అర్థం కాకుండా పలుచన చేశారు. కోర్టు ఆ ఏడాది డిసెంబరు 18న 6-3 తేడాతో ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. ఈ పత్రాల బలంతోనే 1983 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో న్యాయమూర్తి మారిలిన్ హాల్ పటేల్ కొరెమాత్సు శిక్షను రద్దు చేశారు. హిరాబయాషి శిక్ష 1987 తరువాత నిలవలేదు. అన్యాయానికి మూలం జాతి ద్వేషం, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యమని విచారణ సంఘం తేల్చింది. 1988 ఆగస్టు 10న రొనాల్డ్ రీగన్ సంతకం చేసిన చట్టం ప్రకారం జీవించి ఉన్న ప్రతి బాధితుడికీ క్షమాపణతో పాటు 20,000 డాలర్లు లభించాయి. అందుకున్నవారు 82,219 మంది.

కొన్ని పత్రాలు అబద్ధం చెప్పకుండానే తప్పుదారి పట్టిస్తాయి. 1943 ఆరంభంలో శిబిరాల్లోని పెద్దవారందరికీ ఇచ్చిన ప్రశ్నావళి అటువంటిది. 27వ ప్రశ్న అమెరికా సైన్యంలో పనిచేస్తావా అని అడిగింది. 28వది అమెరికాకు బేషరతుగా విధేయుడనై ఉంటానని, జపాన్ చక్రవర్తి పట్ల విధేయతను వదులుకుంటానని ఒప్పుకోమంది. జపాన్‌లో పుట్టి, అమెరికా పౌరసత్వానికి అర్హత లేనివారు రెండోదానికి అవునంటే ఏ దేశమూ లేనివారవుతారు. ఇక్కడే పుట్టినవారికి, లేని విధేయతను వదులుకోవడమంటే అంతకుముందు అది ఉండేదని ఒప్పుకోవడమే. తల్లిదండ్రుల నుంచి విడిపోతామన్న భయంతో కాదన్నవారున్నారు, తన పౌరహక్కులు తిరిగి ఇస్తే సైన్యంలోకి వస్తానని షరతు పెట్టినవారున్నారు, కోపంతో రెండింటికీ కాదన్నవారున్నారు. గుమాస్తా చేతిలో ఇవన్నీ ఒకే గడిలో ఒకే మాటగా మిగిలాయి. కాదన్నవారిని ట్యూల్ లేక్‌కు మార్చారు. అందువల్ల ఎవరి దస్త్రంలోనైనా కాదు అన్న జవాబు కనిపిస్తే, పక్కన చేతిరాతతో ఏమైనా రాశారేమో, విచారణ నకలు జతపరిచి ఉందేమో చూడకుండా ఒక్క ముక్క కూడా రాయకూడదు. ఆ ఒక్క మాట వల్ల కుటుంబాల్లో అన్నదమ్ములు దశాబ్దాలు మాట్లాడుకోలేదు.

జనగణన సంగతీ చెప్పాలి. 1940 జనాభా లెక్కల నుంచి జపాన్ సంతతివారు ఏ పట్టణంలో ఏ వీధి సముదాయంలో ఎంతమంది ఉన్నారో సైన్యానికి పట్టికలు వెళ్లాయి. వ్యక్తుల వివరాలు మాత్రం బయటపెట్టలేదని జనగణన శాఖ ఎంతోకాలం చెబుతూ వచ్చింది. మార్గో ఆండర్సన్, విలియం సెల్ట్‌జర్‌ల పరిశోధన తరువాత 2000లో ఆ శాఖ అధిపతి తమ పాత్రకు క్షమాపణ చెప్పారు. 1943లో వాషింగ్టన్ నగరంలోని జపాన్ సంతతివారి వ్యక్తిగత వివరాలు కూడా ఇచ్చినట్టు 2007లో అదే పరిశోధకులు పత్రాలతో చూపించారు. జనగణన మీద చర్చ జరిగే ఏ దేశంలోనైనా దీన్ని గుర్తుచేయడంలో తప్పులేదు.

ఫొటోల విషయం క్లుప్తంగా. పునరావాస సంస్థ డొరోథియా లాంగ్‌ను 1942లో ఛాయాచిత్రకారిణిగా నియమించింది. ఆమె తీసిన చిత్రాలు ప్రభుత్వం ఆశించినట్టు లేకపోవడంతో యుద్ధం ముగిసేదాకా వాటిని బయటికి రానివ్వలేదు. ముళ్లకంచె, బురుజు, తుపాకీ పట్టిన సైనికుడు చిత్రాల్లో కనబడకూడదన్నది ఆనాటి కట్టుబాటు. శిబిరవాసుల దగ్గర కెమెరాలు ఉండనివ్వలేదు. మాంజనార్‌లో టోయో మియాటకే ఒక కటకాన్ని దొంగచాటుగా తెచ్చుకొని, అన్నం డబ్బాలా కనిపించే చెక్కపెట్టె చేయించి అందులో దాన్ని అమర్చాడు. ఆ కట్టుబాటు వల్లనే నవ్వుతున్న పిల్లల ఫొటోలు కుప్పలుగా దొరుకుతాయి. అవి అబద్ధాలు కావు, చట్రంలోకి రానివ్వనిది వేరే ఉంది, అంతే. శిబిర పత్రికలూ అంతే. మాంజనార్ పత్రిక పేరు ఫ్రీ ప్రెస్, స్వేచ్ఛా పత్రిక! కంచె లోపల ఆ పేరు పెట్టుకున్నప్పుడు సంపాదకుల మనసులో ఏముందో ఎవరి ఊహ వారిది. ఈ పత్రికలన్నీ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో చదువుకోవచ్చు. పెద్దతరంవారు చదివింది వాటిలోని జపనీస్ పుటలనే, వారు డైరీలు, చిన్న కవితలు రాసుకున్నదీ ఆ భాషలోనే. ఇంగ్లిషు మాత్రమే చదివే పరిశోధనలో పిల్లల గొంతు వినిపించినంతగా తండ్రుల గొంతు వినిపించదు.

మళ్లీ ఆ జమాఖర్చు పట్టికకు వస్తాను. ఖర్చు వైపు 1,862 మరణాలలో ఒకటి జేమ్స్ హాట్సువాకి వకసాది. అరవై మూడేళ్ల ఒంటరి మనిషి, వంటపని నేర్చినవాడు. 1943 ఏప్రిల్ 11 సాయంత్రం టోపాజ్ శిబిరంలో కంచె దగ్గర నడుస్తుండగా బురుజు మీది సైనికుడు కాల్చి చంపాడు. కంచెలోంచి దూరి పారిపోతున్నాడని సైన్యం మొదట చెప్పింది. అయితే అతడు పడిపోయినది కంచె లోపల, గుండు తగిలినది ఎదురుగా, ఛాతీలో. సైనిక న్యాయస్థానం ఆ సైనికుణ్ని నిర్దోషిగా వదిలేసింది. అంత్యక్రియలకు ఆడవారు కాగితంతో పెద్ద పెద్ద పూలచక్రాలు తయారుచేశారు. అతడు చనిపోయిన చోట తోటివారు ఒక పెద్ద రాయిని నిలబెట్టారు. అధికారులు తీసేయమన్నారు. శిబిరవాసులు దాన్ని పగలగొట్టలేదు, మోసుకుపోనూ లేదు. ఉన్నచోటే గొయ్యి తీసి పాతిపెట్టారు. కాగితాల్లో ఆ స్మారకం తొలగించినట్టే లెక్క.

2020లో ఇద్దరు పురావస్తు శాస్త్రజ్ఞులు, జాతీయ ఆర్కైవ్స్‌లో దొరికిన ఆనాటి పటం ఆధారంగా, టోపాజ్ ఎడారి నేలలో ఆ చోటికి నడిచి వెళితే రాయి అంచు మట్టిలోంచి పైకి కనిపించింది. 2021లో అక్కడి మ్యూజియం దాన్ని యంత్రంతో పెకలించి తీసుకువెళ్లింది. శాస్త్రీయంగా తవ్వకుండా, తమను పిలవకుండా, ప్రార్థన లేకుండా ఎందుకు తీశారని శిబిరవాసులు, వారి వారసులు నిలదీశారు. రాయిని కాపాడడానికే అలా చేశామన్నది మ్యూజియం వాదన. ఇందులో నేను వారసుల పక్షానే ఉన్నాను: రాయి ఎక్కడ, ఎంత లోతున, ఏ పక్కకు వాలి ఉందన్నదే పాతిపెట్టినవారు మనకు వదిలివెళ్లిన వాక్యం, లేపిన తరువాత దాన్ని ఇక చదవలేము.

పుస్తకాల్లోకి ఎక్కనివారి జాబితా అమెరికా సరిహద్దు దగ్గర ఆగదు. పెరూ తదితర లాటిన్ అమెరికా దేశాల నుంచి 2,200 మందికి పైగా జపాన్ సంతతివారిని ఓడల్లో తెచ్చి, పాస్‌పోర్టులు లాక్కొని, ఆ తరువాత అక్రమంగా ప్రవేశించారన్న అభియోగం మోపి క్రిస్టల్ సిటీ తదితర శిబిరాల్లో ఉంచారు. క్రిస్టల్ సిటీ శిబిరం యుద్ధం ముగిసిన రెండేళ్లకు పైగా, 1948 దాకా నడిచింది. కెనడా సుమారు 22,000 మందిని పసిఫిక్ తీరం నుంచి వెళ్లగొట్టి, వారి ఇళ్లను, పడవలను, పొలాలను వారి అంగీకారం లేకుండా అమ్మేసింది. 1949 ఏప్రిల్ దాకా తిరిగి రానివ్వలేదు. బ్రిటిష్ ప్రభుత్వం మలయా, సింగపూర్, బర్మా, భారతదేశాల్లో చిక్కిన జపాన్ పౌరులను ఢిల్లీ పురానా ఖిల్లాలో గుడారాల్లో ఉంచి, తరువాత రాజపుతానాలోని దేవ్‌లీ శిబిరానికి మార్చింది. అదే దేవ్‌లీలో 1962 యుద్ధం తరువాత స్వతంత్ర భారత ప్రభుత్వం చైనా సంతతివారిని నిర్బంధించింది, వారిలో ఇక్కడే పుట్టి పెరిగినవారు చాలామంది. వారి కోసం జమాఖర్చు అప్పగించిన సంస్థ లేదు, సంఘం వేయలేదు, క్షమాపణా రాలేదు.

లాస్ ఏంజిలస్‌లోని జపనీస్ అమెరికన్ జాతీయ మ్యూజియంలో 2022 సెప్టెంబరులో ఒక పెద్ద గ్రంథాన్ని తెరిచి ఉంచారు. బౌద్ధ పురోహితుడు, ఆచార్యుడు డంకన్ ర్యూకెన్ విలియమ్స్ నాయకత్వంలో తయారైన దాని పేరు ఇరేఇచో. న్యాయశాఖ, సైన్యం, పునరావాస సంస్థ అన్న గడపలన్నిటినీ కలిపి, 75 నిర్బంధ స్థలాల జాబితాలను ఒకదానితో ఒకటి సరిచూసి, పేర్ల అక్షరదోషాలను బతికి ఉన్న కుటుంబాలను అడిగి దిద్ది కూర్చిన పుస్తకం అది. ఆ స్థలాల మట్టిని కలిపి చేసిన బిళ్లలను దాని అట్టలో పొదిగారు. తెరిచిననాటికి అందులో 1,25,284 పేర్లున్నాయి, పట్టిక లెక్క కన్నా 4,971 ఎక్కువ. పేర్లు అక్షరక్రమంలో ఉండవు, శిబిరాల వారీగానూ ఉండవు, పుట్టిన సంవత్సరాన్ని బట్టి అందరికన్నా పెద్దవారితో మొదలవుతాయి. వచ్చినవారు తమవారి పేరు వెతుక్కొని, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకొని, దాని కింద నీలిసిరాతో ఒక చిన్న గుండ్రని ముద్ర వేస్తారు. తప్పు కనిపిస్తే చెబుతారు, ఎక్కని పేరుంటే కాగితాలు చూపిస్తారు. తెరిచిన తరువాత కూడా పేర్లు దిద్దుతూ, చేరుస్తూ వచ్చారు.